నోటికి నీళ్లు పోయొద్దు

కుళ్లాయప్పను ఐసీయూ గాజు తలుపు దాటించి బయటికి తెచ్చినప్పుడు అతని ఒంటి మీద ఒక్క తీగ కూడా లేదు. ఛాతీకి అంటించిన బిళ్లలు లేవు. నోట్లో గొట్టం లేదు. పక్కన టిక్కుటిక్కుమనే పెట్టె లేదు. ముక్కులో ఒక సన్నటి పైపు మాత్రం మిగిలింది.

అది చూసి అతని భార్య హనుమక్క స్ట్రెచర్ కమ్మీ గట్టిగా పట్టుకుంది.

ఇంకెవరైనా అయితే దేవుడికి దండం పెట్టుకునేవాళ్లేమో. హనుమక్కది కంబదూరు పక్క పల్లె. ఆ పల్లెలో "బయటికి తెచ్చినారు" అంటే ఒకటే అర్థం. డాక్టర్లు చేతులెత్తేశారు, తీగలు పీకేశారు, ఇక జీపు మాట్లాడుకోండి అని. అట్లా తెచ్చినవాళ్లలో కళ్యాణదుర్గం దాటేదాకా ఊపిరి నిలుపుకున్నవాళ్లు అరుదు.

"ఏంటికన్నా బయటికి తెచ్చినారు?" అని స్ట్రెచర్ తోసే మనిషిని అడిగింది.

"మంచం కావల్లంట. ఇంగో కేసు వచ్చింది."

ఆ మాటలో అబద్ధం లేదు. మనిషి కోలుకున్నాడు కాబట్టే మంచం ఖాళీ చేయించారన్నది మిగతా సగం. ఆ సగం చెప్పడం ఎవరి డ్యూటీయో ఆ ఆసుపత్రిలో ఎవరూ తేల్చలేదు. డాక్టరు సిస్టరు చెప్తుందనుకున్నాడు. లోపలి సిస్టరు బయటి సిస్టరు చెప్తుందనుకుంది. హనుమక్కకు ఎవరూ చెప్పలేదు.

అది రెండువేల మూడు. వాన ఒక పదును కురిసి మొహం చాటేసిన ఏడు. పీకిన వేరుశనగ కట్టెలో కాయలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ కాస్తా అడవిపందుల పాలు కాకూడదని కుళ్లాయప్ప వామి పక్కనే దుప్పటి పరుచుకుని పడుకునేవాడు. కట్లపాము కరిచింది. పొద్దున లేచి కడుపు నొప్పి అన్నాడు, తర్వాత అన్నీ రెండుగా కనిపిస్తున్నాయన్నాడు, తర్వాత మాట ముద్దయింది, రెప్పలు వాలిపోయాయి. అనంతపురం చేరేసరికి ఊపిరి తీయడం మర్చిపోయాడు. ధర్మాత్ముల డబ్బుతో నడిచే ఆసుపత్రి కాబట్టి చేర్చుకున్నారు. గాలి మిషను పెట్టారు.

ఆ రోజుల్లో హనుమక్క ఇల్లు ఐసీయూ ముందరి నాపరాళ్ల వసారా. సాయంత్రానికి గాజు తలుపు కొంచెం తెరుచుకునేది. చౌడేశ్వరి అనే సిస్టరు తల బయటికి పెట్టి, "కుళ్లాయప్ప వాళ్లు ఎవరమ్మా?" అని పిలిచేది. ఈ పొద్దు చెయ్యి బిగించినాడక్కా. ఈ పొద్దు కన్ను తెరిచేకి చూసినాడక్కా. అంతే, ఒక్క మాట. ఆ ఒక్క మాట పట్టుకుని హనుమక్క మర్నాటి సాయంత్రం దాకా బతికేది.

స్ట్రెచర్ వెంట తలుపు దాకా చౌడేశ్వరి వచ్చింది. హనుమక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వూ వస్తాండావు కదా తల్లీ?"

"నేను రాకూడదక్కా. నా డ్యూటీ ఈ తలుపు లోపలే."

"ఈయప్ప సంగతి నీకే కదా తెలుసు!"

"ఆడ వేరే సిస్టరు ఉంటాది. బాగా చూస్తాది. పో అక్కా."

తలుపు మూసుకుంది. లోపల మంచానికో సిస్టరు. తలుపు ఇవతల పొడుగాటి మగవాళ్ల వార్డుకంతా ఒక్క సిస్టరు. జబ్బు సగం తగ్గినవాడికి కాపలా మొత్తం తీసేయవచ్చని ఏ పుస్తకంలో రాసుందో ఆ ఆసుపత్రి నడిపేవాళ్లే చెప్పాలి. దాతల పేర్లు చలువరాతి మీద చెక్కించి గుమ్మం పక్కన పెట్టారు, అద్దంలా మెరిసేది. వార్డులో రెండో సిస్టరు కోసం ఎవరూ రాయి చెక్కించలేదు.

వార్డు సిస్టరు పేరు పుష్పావతి. ధర్మవరం మగ్గాల ఇంటి బిడ్డ. నడిచేటప్పుడే మాట్లాడుతుంది, మాట్లాడుతూనే నడిచిపోతుంది. కుళ్లాయప్పను మంచం మీదికి మార్చిన వెంటనే తలకింద దిండ్లు తోసి, ముక్కు పైపును చెంపకు అతికించి, హనుమక్క వైపు చూడకుండానే చెప్పింది.

"తల ఎత్తుగానే ఉండల్ల. పక్కకు తిప్పుతా ఉండు, లేకుంటే వీపు పుండ్లు పడతాది. గంజి, మందులు అన్నీ ముక్కు పైపులోనే, నేనొచ్చి పోస్తా. నోటికి ఏమీ పోయొద్దు. నీళ్లు కూడా. తెలిసిందా?"

"ఏంటికి సిస్టరమ్మా?"

అప్పటికే ఆమె మూడో మంచం దగ్గర సెలైన్ సీసా మారుస్తోంది.

అదే రోజు ఐసీయూ నుంచి ఇంకొక మనిషిని కూడా తెచ్చారు. ఎర్రిస్వామి, గుమ్మఘట్ట వైపు గొర్రెల కాపరి, ముసలాయన. గుండె, మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. ఆయన భార్యా హనుమక్కా ఐసీయూ వసారాలో ఒకే చాప మీద పడుకున్నవాళ్లు. ఒకే పొట్లంలో చిత్రాన్నం తిన్నవాళ్లు. ముసలామెను హనుమక్క అవ్వా అని పిలిచేది. ఎర్రిస్వామి మంచం వార్డు అవతలి కొసన పడింది.

కాసేపటికి అవ్వ ముఖమంతా నవ్వుతో వచ్చింది.

"డాక్టరు వచ్చిపోయినాడే హనుమక్కా. ఏమడిగితే అది పెట్టు అవ్వా అన్నాడు. నగుతా చెప్పినాడు. బన్ను అడిగినాడు మా ముసిలాయప్ప, పాలల్లో అద్ది పెట్టినా. సాకు సాకు, ఇంగ చాలు అనేదాకా తిన్నాడు, శివనే!"

హనుమక్క నవ్వడానికి ప్రయత్నించింది. వాళ్లకు బన్నూ పాలూ. మాకు నీళ్లు కూడా లేవు. ఆయప్ప బాగుపడినాడు, ఈయప్పను వదిలేసినారు. ఇంకేముంది తెలుసుకునేదానికి?

"మీ ఆయప్పకేం చెప్పినారే?" అంది అవ్వ.

"ఏం చెప్పల్యా అవ్వా."

అంతలో కుళ్లాయప్ప పెదవులు కదిలాయి. గొట్టం ఉండి ఉండి గొంతు చెడింది, గాలి మాత్రమే వస్తోంది. హనుమక్క చెవి ఆనించింది.

"నీళ్లు."

మాట పడిపోయినప్పటి నుంచి ఆమె విన్న మొదటి మాట అది.

ఆ సీమలో మనిషిని తిట్టినా కొట్టినా మర్చిపోతారు. దప్పికన్నవాడికి చెంబు చాటేసినవాడిని మూడు తరాలు చెప్పుకుంటారు. బావులు ఎండి, బోర్లు ఎండి, ట్యాంకరు కోసం బిందెలు వరుసగా పెట్టి కొట్టుకునే ఊళ్లల్లో కూడా, గడప ముందర నిలబడి నీళ్లన్నవాడికి లేదు అన్న ఇల్లు లేదు. అట్లాంటి ఊరి ఆడమనిషి, కట్టుకున్నవాడు నీళ్లంటుంటే నీళ్ల సీసా పక్కనే పెట్టుకుని గమ్మున కూర్చోవాలి. ఎందుకో చెప్పే తీరిక ఎవరికీ లేదు.

ఆమె పోయి పుష్పావతి ముందర నిలబడింది.

"సిస్టరమ్మా, నీళ్లడుగుతాండాడు. ఒక్క గుటక."

"వద్దని చెప్పినా కదమ్మా."

"నాలిక ఎండిపోయింది తల్లీ. చూడు ఒకసారి వచ్చి."

"ఎన్నిసార్లు చెప్పల్ల? చెప్తే అర్థం కాదా మీకు? పో, ఆయప్ప దగ్గరుండు పో!"

పక్క మంచం వాళ్లు నవ్వారు. "ఆయమ్మ అట్లే అరుస్తాదిలే అక్కా. నిన్న మా నాయనకు దుప్పటి అడిగితే నీ తువ్వాలు కప్పమనింది" అన్నాడొకడు. "లోపలి సిస్టర్లు దేవతలు, బయట సిస్టర్లు దెయ్యాలు" అని ఇంకొకడు. దెయ్యం అనిపించుకున్నామె పొద్దుటి నుంచి కాఫీ కూడా తాగలేదని వాళ్లల్లో ఎవరూ చూడలేదు. చూసే బాధ్యత వాళ్లది కూడా కాదు.

హనుమక్క ఆసుపత్రి ముందరి ఎస్టీడీ బూత్‌కు పోయి ఊరికి ఫోను చేసింది. ఊళ్లో ఫోను ఉన్నది ఈరన్న అంగడిలో.

"ఈరన్నా, నేను హనుమక్కను. మా ఆయప్పను బయటికి తెచ్చినారన్నా."

అవతల ఈరన్న తక్కెడ కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"తీగలు?"

"అన్నీ తీసేసినారు."

"గమ్మునుండు తల్లీ. మీ బావకు నేను చెప్తాలే."

ఆ "మీ బావ" అనే మాట దగ్గర ఈరన్న గొంతు తగ్గింది. కారణం ఉంది. కుళ్లాయప్ప అన్న శ్రీరంగప్ప. ఇద్దరికీ పొత్తు బావి ఒకటి. కుళ్లాయప్ప తన చేనులో బోరు వేయించిన ఏడే బావిలో ఊట తగ్గింది. నీ బోరే తాగేసిందని అన్న. వాన లేకుంటే నా బోరు ఏం చేసిందని తమ్ముడు. ఆ బోరు కూడా తర్వాత ఎండింది, మాటలు మాత్రం ఊరలేదు. అప్పటి నుంచి రెండిళ్ల మధ్య నీళ్లూ నిప్పూ లేవు. కుళ్లాయప్ప ఆ బావి గట్టు కూడా తొక్కలేదు. పెళ్లిళ్లకు ఎడమొహం, పెడమొహం.

అయితే ఆ పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. మనిషి పోతున్నాడని తెలిస్తే అయినవాళ్లంతా వచ్చి తలా ఒక చుక్క నోట్లో పోయాలి. కొట్టుకున్నవాళ్లు మరీ రావాలి. సొంత బావి నీళ్లు తేవాలి. ఆ చుక్క గొంతు దిగితే పగ తీరినట్టు. చుక్క పోయకుండా మనిషి పోతే మిగిలినవాడు ఆ పగను బతికినన్నాళ్లూ ఒక్కడే మోయాలి.

మధ్యాహ్నం అయింది. కుళ్లాయప్ప పెదవులు మళ్లీ కదిలాయి. ఈసారి మాట కూడా రాలేదు. చెయ్యి నీళ్ల సీసా వైపు ఒక అంగుళం జరిగి ఆగింది. హనుమక్క వార్డంతా చూసింది. పుష్పావతి కనబడలేదు. కొంగు చివర తడిపి, అతని పెదవుల మధ్య పెట్టి పిండింది. కొన్ని చుక్కలు. పోయేవాడికి ఈ మాత్రం కూడా లేకుండా పంపాలా?

కుళ్లాయప్ప ఛాతీ ఒక్కసారిగా ఎగిసింది. దగ్గు రాలేదు. దగ్గే బలం లేదు. గొంతులో గురగురమని చప్పుడు. కళ్లు తేలేశాడు. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి.

"సిస్టరమ్మా!" అని హనుమక్క వేసిన కేకకు వార్డు లేచి నిలబడింది.

పుష్పావతి పరుగెత్తి వచ్చింది. మందుల ట్రే ఎక్కడ పడేసిందో తెలియదు. కఫం లాగే మిషను లాక్కొచ్చి, పైపు నోట్లోకి తోసి, మనిషిని పక్కకు తిప్పి వీపు చరుస్తూ, "ఊపిరి తియ్యి, తియ్యప్పా, తియ్యి" అంటోంది. మిషను గీపెడుతోంది. ఆ గీపెట్టుడు మధ్యలో వార్డు అవతలి కొస నుంచి ఇంకొక గొంతు.

"సిస్టరమ్మా, బిరీన రా! మా ఆయప్ప ఎట్లో చేస్తాండాడు! సిస్టరమ్మా!"

అవ్వ గొంతు.

పుష్పావతి తల తిప్పి చూసింది. చేతిలో పైపు వదిలితే ఈ మనిషి పోతాడు. వదలలేదు. "ఆయమ్మా! ఎవరైనా డాక్టరును పిలవండి!" అని అరిచింది. వార్డులో పనిచేసే ఆయమ్మ కింద గుడ్డలు ఉతుకుతోంది. డాక్టరు ఆపరేషను గదిలో. అవ్వ ఇంకా పిలుస్తోంది. పిలిచి పిలిచి ఆగిపోయింది.

కుళ్లాయప్ప పెదవుల రంగు మెల్లగా తిరిగొచ్చింది. పుష్పావతి హనుమక్క వైపు తిరిగింది.

"చంపేస్తావా మొగున్ని? పాము విషానికి ఈయప్ప గొంతు ఇంకా పడుకోనుండాది. మింగేకి రాదు. నువ్వు పోసిన నీళ్లు కడుపులోకి పోవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మిషను మీద అన్ని దినాలు కాపాడుకున్న మనిషిని గుక్కెడు నీళ్లతో చంపేస్తావా?"

చెప్పాల్సిన మాట అదే. పొద్దున చెప్పాల్సింది. తిట్టుగా మారినాక, ఒక ప్రాణం అంచుదాకా పోయి వచ్చినాక బయటికి వచ్చింది.

అనేసి ఆమె అవతలి కొసకు పరుగెత్తింది. అక్కడ పరుగు అవసరం లేకపోయింది. కాసేపటికి ఆకుపచ్చ తెర లాగిన చప్పుడు వినబడింది. తెర వెనక నుంచి వచ్చిన పుష్పావతి గోడకు ఆనుకుని నిలబడింది. వార్డులో ఆమె నిలబడి ఉండగా చూడడం అందరికీ అదే మొదలు.

హనుమక్క ఆమె దగ్గరికి పోయింది.

"నా వల్లే కదా తల్లీ. నువ్వు నా మొగుని కాడ ఉండబట్టే..."

పుష్పావతి ముక్కు తుడుచుకుంది.

"ఆ పెద్దాయన్ను నేనొచ్చినా నిలిపేదాన్ని కాదు. డాక్టర్లే వదిలేసినారు. అవ్వ పిలిస్తే పోయి చెయ్యన్నా పట్టుకునుంటాంటి, అంతే." కాస్త ఆగి, "నీ వల్ల కాదు. నేను ఒక్కదాన్నే ఉండా కాబట్టి" అంది. ఎవరో సెలైన్ అయిపోయిందని కేకేశారు. పోయింది.

హనుమక్క తెర పక్కకు తీసి లోపలికి పోయింది. అవ్వ మొగుడి పాదాలు పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. ఏడుపు లేదు.

"పొద్దున నగుతా చెప్పినాడే డాక్టరు. ఏమడిగితే అది పెట్టు అని. పెట్టినా కదే. బాగయితాండాడు అనుకుంటి కదే."

ఏమడిగితే అది పెట్టు.

హనుమక్క చెయ్యి అవ్వ వీపు మీదే ఆగిపోయింది. ఈ మాట తను ఇంతకు ముందు విన్నదే. తన నాయనను కంబదూరు డాక్టరు చూసి, వాకిట్లోకి వచ్చి, గొంతు తగ్గించి చెప్పిన మాట. ఇంగ ఏమడిగితే అది పెట్టండి. నాయన యాట కూర అడిగాడు. పెట్టారు. తిన్నాడు. పోయాడు. పల్లెలో పసిపిల్లలకు కూడా ఆ మాటకు అర్థం తెలుసు. ఇక్కడ డాక్టరు నవ్వుతూ అన్నాడు కాబట్టి అవ్వకు తెలియలేదు. పక్కన కుళ్ళుకుంటూ కూర్చున్న తనకూ తెలియలేదు.

మరి ఎవరికైతే నీళ్లు కూడా వద్దన్నారో ఆ మనిషి?

ఆమె లేచి మొగుడి మంచం దగ్గరికి వచ్చింది. అతని తల ఎత్తుగా ఉందా అని చూసింది. దిండు సరిచేసింది. నీళ్ల సీసా తీసి మంచం కిందికి, దూరంగా పెట్టింది.

పొద్దు వాలకముందే ఊరి జీపు వచ్చింది. గేటు దగ్గర కాపలావాడిని ఏం చెప్పి ఒప్పించారో, బిలబిలమని వార్డులోకి వచ్చేశారు. అక్కచెల్లెళ్లు, మేనమామలు, ముందరగా శ్రీరంగప్ప. తెల్లటి పంచె, చేతిలో ఇత్తడి చెంబు. చెంబు మూతికి తడిగుడ్డ కట్టి ఉంది. జీపులో వచ్చినంత దూరమూ ఒక్క చుక్క తొణకకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. హనుమక్కను చూడలేదు. మంచం మీద తమ్ముడిని చూశాడు. ముఖం కలత పడింది.

"జరుగమ్మా" అన్నాడు.

ఏళ్ల తర్వాత ఆమెతో అన్న మొదటి మాట. హనుమక్క జరగలేదు. మంచానికీ అతనికీ మధ్య నిలబడింది.

"నీళ్లు పోయొద్దు బావా."

వెనక గుసగుసలు లేచాయి.

"ఏమంటివి?"

"నోటికి నీళ్లు పోయొద్దు. గొంతులో పడితే పోతాడు."

"పోయేవానికి పోసేదే కదమ్మే ఇది!" అంది ఆడబిడ్డ. "కడసారి నీళ్లకు అడ్డం పడతారా ఎవరైనా? ఏమైంది నీకు?"

"పగ ఇంగా కడుపులో పెట్టుకోనుండాది. అదే ఏమైండేది" అన్నాడు మేనమామ ఒకడు. "ఏమప్పా శ్రీరంగప్పా, ఆడదాన్ని పక్కకు జరుపుకోలేవా?"

శ్రీరంగప్ప ఆ మాటలు విన్నట్టు లేదు. చెంబును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"హనుమక్కా. తప్పు నాదా వానిదా అని ఈ పొద్దు మాట్లాడేకి రాలే. బావిలోకి నేనే దిగినా. అడుగున ఊట చెంబుకు వచ్చేదాకా కూర్చోని తోడుకొచ్చినా. ఇవి పోయకుండా వాడు పోతే, నేను ఆ బావి ముందర ఏ మొగం పెట్టుకోని నిలబడల్ల?"

హనుమక్కకు ఏడుపు ముంచుకొచ్చింది. అయినా కదల్లేదు.

"బావా, ఒక మాట చెప్తా, విను. చచ్చేవాళ్లకైతే ఏమంటారు? ఏమడిగితే అది పెట్టండి అంటారు కదా? మా నాయనకు అదే అన్యారు. ఆ కొసన తెర వెనక పెద్దాయనకూ పొద్దున అదే అన్యారు, మధ్యాన్నం పోయినాడు. నీ తమ్మునికి నీళ్లు కూడా వద్దంటాండారు బావా. చుక్క కూడా వద్దని తిడ్తాండారు. చచ్చేవానికి ఏంటికి వద్దంటారు? నువ్వే చెప్పు."

మేనమామ ఆ కొసన ఉన్న తెర వైపు తిరిగి చూశాడు.

అప్పుడే పుష్పావతి వచ్చింది.

"ఎవరు వీళ్లంతా? ఇది వార్డా సంతా? పోండి బయటికి!" అంటూ చెంబు చూసి ఆగింది. "ఏం నీళ్లవి?"

"మా బావివి తల్లీ" అన్నాడు శ్రీరంగప్ప.

"పొయ్యి మీద కాంచినారా?"

అంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"కడసారి నీళ్లు కాంచుకోని వస్తారా సిస్టరమ్మా యాడన్నా?" అంది ఆడబిడ్డ.

"కడసారి అని ఎవరు చెప్పినారు మీకు?"

"బయటికి తెచ్చినారు కదా" అన్నాడు శ్రీరంగప్ప. "తీగలు తీసేసినారు కదా."

పుష్పావతి అతన్ని చూసింది. హనుమక్కను చూసింది. పొద్దుటి నుంచి తను అరిచినవన్నీ ఆమెకు ఒక్కసారి చెవిలో పడినట్టున్నాయి.

"బాగయితేనే తెస్తారు పెద్దాయనా" అంది, ఈసారి నిలబడి. "తన ఊపిరి తానే తీసుకుంటాండాడు కాబట్టి తీగలు తీసేసినారు. మింగేది ఒకటే రావల్ల. ఎవరూ చెప్పల్యా మీకు?"

"ఎవరు చెప్తారు తల్లీ?" అంది హనుమక్క. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది.

పుష్పావతి చెంబు వైపు చెయ్యి చూపింది.

"దప్పికకైతే పోయొచ్చు. కడసారికి కాదు. క్యాంటీన్లో అడిగి బాగా తెర్లేదాకా కాంచి, చల్లార్చి తీసుకురండి. నేను చూపిస్తా ఎట్ల పోయల్లనో. అంతవరకు ఇద్దరు ఉండండి, మిగతావాళ్లు బయట."

బంధువులంతా క్యాంటీన్ ముందర చేరి, చావు నీళ్లు కిరసనాయిలు స్టవ్ మీద మరగడం చూస్తూ నిలబడ్డారు. అట్లాంటిది వాళ్ల వంశంలో జరగలేదు. "ఆరేదాకా ఉండల్ల అంట" అని మేనమామ గొణిగాడు. "నువ్వు తొందరపడితే ముందర నీకే పోస్తాం, గమ్మునుండు మామా" అంది ఆడబిడ్డ. ఎవరో నవ్వారు. ఏడవడానికి వచ్చినవాళ్లు నవ్వినందుకు సిగ్గుపడి తలలు దించుకున్నారు. చల్లారినాక నీళ్లను చెంబులోకే వడపోశారు.

పుష్పావతి కుళ్లాయప్పను ఇంకొంచెం లేపి కూర్చోబెట్టింది. ముక్కు పైపు సరైన చోటే ఉందా అని సిరంజితో లాగి చూసింది. తర్వాత సిరంజిలో తోసే పుల్ల తీసేసి, గొట్టాన్ని పైపుకు తగిలించి ఎత్తి పట్టుకుంది. గరాటులాగా ఉంది.

"పొయ్యి పెద్దాయనా. మెల్లగా. నిండగానే ఆపు. దానంతట అది దిగల్ల."

కుళ్లాయప్ప రెప్పలు ఇంకా పూర్తిగా లేవడం లేదు. హనుమక్క వేలితో ఒక రెప్ప పైకెత్తింది.

"చూడు. మీయన్న వచ్చినాడు. బావి నీళ్లు తెచ్చినాడు."

ఆ కన్ను అన్న ముఖం మీద నిలిచింది. శ్రీరంగప్ప చెంబు వంచాడు. సన్నటి ధార గొట్టంలో పడింది. నీళ్లు పైపులో దిగుతుంటే అందరూ చూస్తున్నారు. అంత చూపు పెట్టి నీళ్లను చూడడం ఆ సీమవాళ్లకు కొత్త కాదు, కానీ ఇట్లా మనిషి లోపలికి పోతుండగా ఎప్పుడూ చూడలేదు.

"సిస్టరమ్మా, గొంతు చూడు" అంది హనుమక్క.

కుళ్లాయప్ప గొంతు ముడి కొంచెం పైకి లేచి దిగింది. నోట్లో నీళ్లు లేవు. తన ఉమ్మి తానే మింగడానికి చూస్తున్నాడు.

"వస్తాండాది" అంది పుష్పావతి. "గుటక వస్తాండాది. తొందరపడొద్దు. వచ్చినాక ముందర చిక్కటి గంజి, చెంచాతో నేనే పెట్టి చూస్తా. నీళ్లు అన్నిటికన్నా కడాన. దూది తడిపి బాగా పిండి పెదాలకు అద్దు, అంతే. పిండకుండా అద్దితే మల్ల నీ సంగతి చెప్తా!"

"అద్దను తల్లీ."

కుళ్లాయప్ప పెదవులు కదిలాయి. శ్రీరంగప్ప వంగి చెవి పెట్టాడు. లేచినప్పుడు అతని కళ్లు తడిగా ఉన్నాయి.

"ఏమంటాండాడు బావా?"

"ఇంగొంచెం అంట."

ఇంకొంచెం పోశాడు. ఆరో మంచం వాళ్లు పిలుస్తుంటే పుష్పావతి సిరంజి గొట్టం హనుమక్క చేతికిచ్చి, పైపును వేళ్లతో ఎట్లా మడిచి పట్టుకోవాలో చూపించి, అయిపోయినాక పైపుకు మూత పెట్టమని చెప్పి పోయింది.

చెంబులో సగం నీళ్లు మిగిలాయి. శ్రీరంగప్పకు వాటిని ఏం చేయాలో తెలియలేదు. కడసారికని తెచ్చిన నీళ్లు. ఇంటికి తిరిగి తీసుకుపోకూడదు, నేల పారబోయకూడదు. చెంబు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. హనుమక్క అవతలి కొస వైపు చూసింది. తెర అట్లాగే ఉంది. ఎర్రిస్వామి కొడుకు బళ్లారికి కూలికి పోయాడు, కబురు అందింది, బండి దొరికి రావాలి. అయినవాళ్లు ఎవరూ రాలేదు. పాలూ బన్నూ తిని పోయినాడు ముసలాయన, నోట్లో ఆ చుక్క మాత్రం ఎవరూ పోయలేదు.

"ఆడ పొయ్యి బావా" అంది.

ఇద్దరూ తెర దగ్గరికి పోయారు. శ్రీరంగప్ప చెప్పులు బయట విడిచాడు.

"అవ్వా, మావి కంబదూరు పక్క బావి నీళ్లు. నీకు వద్దనిపిస్తే వద్దు. మేం వేరేవాళ్లం."

అవ్వ చెంబు వైపు చూసింది, అతన్ని చూసింది.

"నీళ్లకు వేరేవాళ్లేందప్పా. పొయ్యి. ఆయప్ప కోసం పిలిస్తే కూడా ఎవరూ రాల్యా."

శ్రీరంగప్ప వంగి ఆ తెలియని మనిషి పెదవుల మధ్య చుక్క పోశాడు. హనుమక్క పోసింది. చివర అవ్వ చెయ్యి పట్టుకుని పోయించారు. ఆ నీళ్లు లోపలికి పోలేదు, చెంప మీదుగా దిండు మీదికి జారాయి. అవ్వ కొంగుతో తుడిచింది. అప్పుడు ఏడ్చింది.

వార్డు మధ్య నుంచి పుష్పావతి కేక వినబడింది.

"హనుమక్కా! ముక్కు పైపుకు మూత పెట్టినావా లేదా? నీళ్లన్నీ ఎనక్కొస్తాయి!"

పెట్టలేదు. పరుగెత్తింది.